మసిగుడ్డకి 39 కుట్లు

ఈసారి సంచికకి వంటింటి చిట్కా ఏదైనా రాయమన్నారు. నాకు తెలిసిన చిట్కా ఒక్కటే, మసిగుడ్డ. నవ్వకండి, చివరిదాకా చదవండి.

నేను విన్నిపెగ్‌లో నర్సుని. జనవరిలో ఇక్కడ మైనస్ 30 మామూలే. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఇంకా తెల్లారదు. శానిటైజర్‌కీ, పొడిగాలికీ వేళ్ళు పగిలి ఉంటాయి. సింకులో అంట్లు మనకోసమే ఎదురుచూస్తుంటాయి. మొదట్లో పేపర్ టవళ్ళు రోల్స్‌కి రోల్స్ అవజేసేదాన్ని. మన ఊళ్ళో అయితే పాత నూలుచీర చింపితే ఏడాదికి సరిపడా మసిగుడ్డలు. ఇక్కడ నూలుచీరలెక్కడివండీ? సూట్‌కేసులో తెచ్చుకున్నవన్నీ పట్టువీ, సింథటిక్‌వీనూ.

మా వార్డులో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒకక్క బ్రేక్‌లో కూర్చుని కాటన్ దారంతో అల్లుతుండేది. ఒకటి నాకిచ్చింది. మందంగా, బొడిపెలు బొడిపెలుగా ఉంది. అడుగంటిన పప్పుగిన్నె దాంతో రుద్ది చూశాను. గిన్నెకి గీత పడలేదు, పప్పు వదిలింది. నేర్పమని అడిగాను.

అడిగానేగానీ సూదులు చేతికి తీసుకోడానికి మనసొప్పలేదు. ఎందుకో చెప్తాను.

మాది నరసాపురం పక్క పల్లె. అక్కడి లేసు సంగతి గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. సన్నటి దారం, సన్నటి కొక్కెం సూది, అల్లిందంతా విదేశాలకి. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ ఆడవాళ్ళ మీద 1982లో ఒక పుస్తకమే వేసింది. గంటల తరబడి అల్లినా వీళ్ళని పనివాళ్ళ కింద ఎవరూ లెక్కపెట్టలేదనీ, ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసుకునే పని అని తీసిపారేశారనీ ఆవిడ రాసింది. ఆ లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే.

మా అమ్మ ఆ లేసే అల్లింది. దారం తెచ్చిచ్చేది ఏజెంటు, అల్లింది పట్టుకెళ్ళేదీ అతనే. మా ఇంట్లో టీవీ మీద కప్పుకోడానికి కూడా ఒక్క ముక్క మిగల్లేదు. నా నర్సింగ్ ఫీజులో ఆ లేసు డబ్బులున్నాయి. నేనెప్పుడైనా సూది ముట్టుకుంటే "అది పెట్టెయ్, పుస్తకం తియ్" అనేది.

అయినా నేర్చుకున్నాను. మీకూ చెప్తాను, చాలా తేలిక.

దారం వంద శాతం కాటన్ ఉండాలి. బెర్నాట్ హ్యాండీక్రాఫ్టర్ లాంటిది 50 గ్రాముల ఉండ ఒక గుడ్డకి సరిపోతుంది. యాక్రిలిక్ వద్దు. నీళ్ళు పీల్చదు, వేడిగిన్నెకి తగిలితే కరుగుతుంది. సూదులు 4.5 మిల్లీమీటర్లవి. వెదురువైతే దారం జారదు.

39 కుట్లు వేసుకోండి. ఒకటి నిట్, ఒకటి పర్ల్, మళ్ళీ నిట్, మళ్ళీ పర్ల్. వరస చివర నిట్‌తో ఆగుతుంది. ప్రతి వరసా ఇంతే. లెక్క తప్పితే కుట్టు మొహం చూడండి. బొడిపెలా ఉంటే నిట్, నున్నగా ఉంటే పర్ల్. మూల నుంచి మూలకి మడిస్తే అంచులు కలిశాయంటే చదరం అయినట్టే. వదులుగా ముగించి, దారం కొసని రెండంగుళాలు లోపలికి దూర్చండి. కాటన్‌కి సాగే గుణం తక్కువ, బిగించి అల్లితే మణికట్టు నొప్పెడుతుంది.

నర్సుగా ఒక మాట. తడిగుడ్డ సింకులో ముద్దగా వదిలెయ్యకండి, క్రిములకి అదే ఇల్లు. రోజుకొకటి మార్చి, వేడినీళ్ళలో ఉతికి, పూర్తిగా ఆరనివ్వండి. పచ్చి చికెన్ తగిలినచోట వాడకండి. పసుపు మరక పడితే కంగారొద్దు, ఎండాకాలం డెక్ మీద ఆరేస్తే పాలిపోతుంది.

పోయిన చలికాలం అమ్మ వచ్చింది. నా చేతిలో సూదులు చూసి "ఏంటే అది?" అంది.

"మసిగుడ్డమ్మా."

"మసిగుడ్డకా ఇంత అల్లిక? ఇందుకా నిన్ను చదివించింది?"

నవ్వుతూనే అంది గానీ నాకు గుచ్చుకుంది. నేనేం మాట్లాడలేదు. నాలుగు రోజులు తనూ ఆ ఊసెత్తలేదు. ఓ పొద్దున డ్యూటీ నుంచి వచ్చి చూస్తే సోఫా మీద వదిలేసిన నా గుడ్డ నాలుగు వేళ్ళు పెరిగి ఉంది. మధ్యలో రెండు వరసలు తేడాపడి, బొడిపె మీద బొడిపె వచ్చి, చారలు పడ్డాయి.

"రాత్రి నిద్రపట్టలేదు. దారం లావుగా ఉంది, కళ్ళకి ఆనుతోంది," అంది. సన్నదారం కనబడక అమ్మ లేసు మానేసి చాలా ఏళ్ళయింది. ఆపరేషనయ్యాక కూడా మళ్ళీ పట్టలేదు.

ఆ గుడ్డ తనే పూర్తిచేసింది. కొసలు దూర్చి, జానతో కొలిచి, నాలుగు మడతలు పెట్టి, గుమ్మం పక్క బల్ల మీద పెట్టింది. పాత అలవాటు.

"అక్కడెందుకమ్మా? పట్టుకెళ్ళడానికి ఎవరూ రారు. అది మనదే," అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత దాన్ని తీసుకుని తనే సింకు దగ్గరికెళ్ళి, పులుసుగిన్నె తోమింది. పిండి ఆరేసి "బాగానే ఉందే" అంది.

వెళ్ళేలోపు ఆరు అల్లింది. రెండు తనతో తీసుకెళ్ళింది, నాలుగు ఇక్కడుంచింది. చారలు పడ్డది నా దగ్గరే ఉంది. వారానికి రెండుసార్లయినా అది సింకులోకి దిగుతుంది. దాచుకోవాలని ఉంటుంది గానీ, దాస్తే అమ్మ తిడుతుంది.

ఈ చలికాలం మీ అమ్మగారో అత్తగారో వస్తుంటే రెండు ఉండల దారం కొని ఉంచండి. నేర్పుతానని మాత్రం అనకండి. సగం అల్లి సోఫా మీద వదిలేసి డ్యూటీకి వెళ్ళండి.