తాతగారి మీటరు నిజమే చెబుతోందా?

కిందటిసారి నాయనమ్మ ఇత్తడి త్రాసు గురించి రాశాం. ఈసారి అదే బీరువాలో ఉన్న ఇంకో తూకం, తాతగారి ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు. తాతగారికి హామ్ రేడియో లైసెన్సు ఉండేది. తిరువాన్మియూరులో మా మేడ మీద 7 మెగాహెర్ట్జ్‌కి ఆయన కట్టిన డైపోల్, అటు పది మీటర్లు ఇటు పది మీటర్లు, ఇప్పటికీ ఉంది. ఇప్పుడు లైసెన్సు చిన్నాన్నది.

పిల్లల కోసం రెండు మాటలు. ట్రాన్స్‌మిటర్ నుంచి కేబుల్ గుండా పైకి పంపిన పవర్‌లో కొంత, ఏరియల్‌తో పొసగక వెనక్కి వస్తుంది. ఎంత వెళ్లింది, ఎంత తిరిగొచ్చింది అన్న లెక్కే ఎస్‌డబ్ల్యూఆర్. 100 వాట్లు వెళ్లి 4 తిరిగొస్తే 1.5. ఏమీ రాకపోతే 1. అంకె ఎంత తగ్గితే అంత మంచిదని అందరూ అంటారు.

మాకు అనుమానం అక్కడే వచ్చింది. ఏరియల్ కట్టిన ఏడాది తాతగారి లాగ్ పుస్తకంలో 1.6 అని ఉంది. తర్వాత 1.5, 1.4. మొన్న చిన్నాన్న చూస్తే 1.2. ఎవరూ ముట్టుకోని తీగ ఏటేటా దానంతటది బాగుపడుతుందా? అదీ ఉప్పుగాలికి కిటికీ చువ్వలే నిలవని చోట!

ఇంత పట్టింపు ఎందుకంటే, 2004 డిసెంబరు సునామీలో అండమాన్‌కి ఫోన్లు పడిపోయినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు మోసింది భారతీ ప్రసాద్ గారి హామ్ బృందమే. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు మా వీధిలోనూ కరెంటు, ఫోను రెండూ లేవు. అలాంటి రోజున ఏరియల్ పలుకుతుందో లేదో ముందే తెలియాలి కదా.

ముందు మీటరు సంగతి తేల్చాలి. నాయనమ్మ కొత్వాల్ చావడిలో త్రాసు మీద అనుమానం వస్తే సరుకునీ రాళ్లనీ తట్టలు మార్పించేదట. మేమూ అదే చేశాం. రేడియో వైపు, లోడ్ వైపు కేబుళ్లు తారుమారు చేస్తే వెళ్లేదీ వచ్చేదీ రీడింగులు కూడా తారుమారు కావాలి. దాదాపు అయ్యాయి.

తర్వాత తెలిసిన బరువు పెట్టి చూడాలి. రిచీ స్ట్రీట్‌లో 1 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టర్లు ఇరవై కొన్నాం. (తీగ చుట్టినవి పనికిరావు, కార్బన్ ఫిల్మ్‌వే అడగండి.) ఇరవై పక్కపక్కన కలిపితే 50 ఓమ్‌లు, మీటరు 1 చూపాలి. చూపింది. పది తీసేస్తే 100 ఓమ్‌లు, సరిగ్గా 2 చూపాలి. 20 వాట్లతో 1.9 చూపింది. 5 వాట్లతో మాత్రం 1.6! లోపలి డయోడ్లకు కొంత వోల్టేజీ అందితే గానీ చలనం ఉండదు. తిరిగొచ్చేది మరీ తక్కువైతే దాన్ని అవి చిన్నచూపు చూస్తాయి, అంకె అందంగా కనబడుతుంది. ఖరీదైన వాటికీ హద్దులున్నాయి. పేరున్న బర్డ్ 43కి కూడా ఫుల్ స్కేల్‌లో 5 శాతం అటూ ఇటూ. 100 వాట్ల స్కేలు మీద 4 వాట్లు చదివితే అది సున్నా కావచ్చు, 9 కావచ్చు. అంటే ఎస్‌డబ్ల్యూఆర్ 1 నుంచి 1.86 దాకా ఏదైనా. 1.3కీ 1.4కీ తేడా గురించి పోట్లాడుకునేవాళ్లను చూస్తే మాకు నవ్వొస్తుంది.

సరే, 20 వాట్ల దగ్గర మీటరు నమ్మకస్తుడే. మరి 1.2 ఎలా వచ్చింది? చిన్నాన్న మేడెక్కి కేబుల్ పైకొసని ఏరియల్ నుంచి విప్పేశాడు. రెండు సెకన్లే పవర్ ఇచ్చాం. పైన ఏమీ లేదు కాబట్టి అంతా తిరిగొచ్చి ముల్లు చివరికి కొట్టుకోవాలి. మూడు దగ్గర ఆగింది. అంటే కేబుల్ వెళ్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు మిగిలినదాంట్లో సగం మింగేస్తోంది. తిరిగొచ్చే పవరే దారిలో మాయమైతే మీటరు మాత్రం ఏం చూస్తుంది? తన దగ్గరికి చేరినదాన్ని అది దాదాపు సరిగ్గానే చూపింది. పైన ఏరియల్ ఎప్పటి 1.6 దగ్గరే ఉంది.

కేబుల్ కోసి చూస్తే లోపలి రాగి అల్లిక నల్లబడి, వేలితో నలిపితే పొడైంది. పైకొస కనెక్టర్ నుంచి నీళ్లు దిగాయి. కొత్త కేబుల్ వేసి, కనెక్టర్‌కి రబ్బరు టేపు బిగించి చుట్టాక మీటరు మళ్లీ 1.6కి ఎక్కింది. అంకె పెరిగిందని పిన్ని కంగారు పడింది. హోసూరులో ఉన్న మామయ్య మాత్రం ఇప్పుడు బాగా వినబడుతున్నారన్నారు.

ఇక మీదట ఐప్పసి వానలకు ముందు లాగ్‌లో మూడు అంకెలు రాస్తాం. 100 ఓమ్‌లకు మీటరు ఎంత చూపిందో, పైకొస విప్పితే ఎంతో, ఆ తర్వాతే ఏరియల్‌ది.