కుల్చారమున విన్న మాటలు

మంజీరానదికి అనతిదూరమున మెదకు జిల్లాలోనున్న కుల్చారము పార్శ్వనాథుని జైనక్షేత్రముచేతను, కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కొలచెలమ మల్లినాథసూరి వంశమునకు మూలస్థానమన్న ప్రసిద్ధిచేతను యాత్రికులకును పండితులకును ఎరుకపడినదే. కాని నన్నచటికి గొనిపోయినది ఆ ప్రాచీనవైభవము కాదు, గర్భస్రావము చేయించుకొనిన స్త్రీలు తమకు జరిగిన చికిత్సను గూర్చి ఏమనుకొనుచున్నారో వారి నోటనే వినవలెనన్న కోరిక. ఆశా కార్యకర్త యొకతె వారి సమ్మతిని ముందుగా గైకొని, పేర్లు వ్రాయనని నాచేత మాట పుచ్చుకొని, తన యింటి పెరటిలోనికి నన్ను తోడ్కొనిపోయెను.

ఇద్దరు బిడ్డల తల్లియు, కూలిపనులకు పోవునదియునగు ఒక యువతి మొదట నాకిచ్చిన ఉత్తరము రెండే మాటలు: "మంచిగనే చూసిండ్రమ్మా." ఇథియోపియా మొదలగు దేశములలో పరిశోధకులు వైద్యశాలనుండి వెలువడు స్త్రీల నడిగి, ఇట్టి ఉత్తరములనే కూర్చి, సంతృప్తి శాతములను ప్రకటించుచుందురు. ఆ లెక్కలను నేను తృణీకరింపను. కాని తిట్లు తప్పవని బెదరుచు పోయిన మనిషికి తిట్లు లేకుండుటయే గొప్ప మేలుగా తోచును గదా! అందుచేత, నీ చెల్లెలికే ఇట్టి అవసరము వచ్చినచో అచటికే పంపుదువా యని మరల నడిగితిని. ఆమె కొంతతడవు ఊరకుండి, "సర్కారు దవాఖానకైతే నేనే తోల్కపోత. అంతకుముందు పోయిన కాడికి మాత్రం పంప" అనెను.

ఆ ముందుపోయిన చోట భర్త సంతకము లేనిదే చికిత్స లేదనిరట; భర్త బ్రతుకుదెరువునకై దుబాయిలో నుండెను. ఆ తిరుగుటలో రెండువారములు గడచిపోయెను. 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న 1971 నాటి గర్భస్రావ చట్టము, పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీకి సాధారణముగా ఆమె సమ్మతియే చాలుననుచున్నది. 2021 నాటి సవరణ 20 వారములవరకు ఒక్క వైద్యుని అభిప్రాయమును, కొన్ని వర్గముల స్త్రీలకు 24 వారములవరకు ఇద్దరి అభిప్రాయమును విధించి, ఆమె పేరు బయలుపెట్టుటను శిక్షార్హము గావించినది; 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు అవివాహితలను వేరుచేసి చూడరాదని తీర్పుచెప్పినది. అనపేక్షితమును పలుకనని మల్లినాథుడు తన వ్యాఖ్యలకు నియమము చేసికొనెను; చీటీ వ్రాయు బల్లకడ ఆ నియమమే పాటింపబడియున్నచో ఆ తల్లికి అంత క్లేశము తప్పెడిది.

సర్కారు దవాఖానలో ఆమెకు నచ్చినదేమి? నర్సు తెర లాగినది. నొప్పి ఎంతసేపుండునో ముందే చెప్పినది. చేతితో నడుపు గొట్టముతో వైద్యురాలు కొలది నిమిషములలో పని ముగించువరకు "అయిపోతది బిడ్డా" యని చేయి పట్టుకొన్నది. నచ్చనిది? కడుపుతో నున్నవారి నడుమ అదే బల్లపై కూర్చుండవలసివచ్చుట, ఊరివారెవరైన చూతురేమోయని కొంగు కప్పుకొని ప్రొద్దుపుచ్చుట. ఈ రెండవది ఏ శాతములోను కానరాదు.

రెండవ యామె దవాఖాన గడప త్రొక్కనేలేదు. భర్త మందుల దుకాణమునుండి గోలీలు తెచ్చియిచ్చెను. మొదట మిఫెప్రిస్టోన్, ఒకటి రెండు దినముల పిమ్మట మిసోప్రొస్టాల్ క్రమముగా వాడినచో, తొలి తొమ్మిది వారములలో అది సురక్షితమైన పద్ధతియే. "గోలీ పనిచేసింది గని, ఎంత నెత్తురు పోతే భయపడాల్నో ఎవ్వలు చెప్పలే, తెల్లారేదాంక కూసున్న" అనెను. మన దేశమున 2015లో జరిగిన 1 కోటి 56 లక్షల గర్భస్రావములలో 73 శాతము ఇట్లు వైద్యశాలల వెలుపల గోలీలతోనే జరిగినవని ఒక అధ్యయనము అంచనా కట్టినది. తృప్తి కలిగెనా యని ఆ స్త్రీల నడుగువారెవరు? దోషము గోలీది కాదు. దానిని చేతిలో పెట్టినవాని మౌనమునది.

నేను వచ్చుటకు లేచుచుండగా ఆమె ఆశా కార్యకర్తవైపు తిరిగి, "అక్కా, దవాఖానకు పోతే ఎన్ని పైసలైతుండె?" అని అడిగెను. సర్కారు దవాఖానలో దానికి పైస పుచ్చుకొనరన్న సంగతి ఆమె అంతవరకు ఎరుగదు.