చెట్టుకు డబ్బిచ్చారు, నేలకు ఇవ్వలేదు

మలేషియాలో కౌలాలంపూర్ విమానాశ్రయం 1998లో తెరిచారు. మన వైపు నుంచి ఆ దేశానికి పనికి వెళ్ళేవాళ్ళూ ఎక్కువగా అక్కడే దిగుతారు. ఆ విమానాశ్రయానికి హైవే వేయడం కోసం 1995లో సెలంగోర్ రాష్ట్రంలో డెంకిల్ దగ్గర బుకిత్ తంపోయ్ అనే ఊళ్ళో సుమారు 38 ఎకరాలు తీసుకున్నారు. ఆ ఊరు తెమువాన్ తెగవాళ్ళది. మలేషియా ద్వీపకల్పంలోని ఆదివాసులందరినీ కలిపి ఒరాంగ్ అస్లీ అంటారు. మలయ్ భాషలో దానికి మొదటి మనుషులు అని అర్థం. మొదటి మనుషులని పేరైతే పెట్టారు గాని, నేల మాత్రం వాళ్ళది కాదన్నారు.

ఇళ్ళకు, పండ్ల చెట్లకు, పంటకు డబ్బు లెక్కగట్టి ఇచ్చారు. నేలకు ఏమీ లేదు. అది సర్కారు భూమి, మీరు ఉండనిచ్చినన్నాళ్ళు ఉన్నవాళ్ళు మాత్రమే అన్నది ప్రభుత్వం వాదన. ఈ మాట మనకు కొత్త కాదు. మా ఊరి పక్క రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొలతకు వచ్చినవాళ్ళు ముందు అడిగింది పట్టా ఉందా అనే. లేనివాళ్ళ చింతచెట్లు మాత్రం లెక్క రాసుకుని పోయారు.

సాగోంగ్ తాసి, ఆయనతో మరో ఆరుగురు కోర్టుకు వెళ్ళారు. 2002లో హైకోర్టు, 2005లో అప్పీలు కోర్టు వాళ్ళ వైపే తీర్పు చెప్పాయి. తరతరాలుగా ఉంటున్న నేల మీద వాళ్ళకు హక్కు ఉంది, నేలకూ పరిహారం కట్టాలి అన్నాయి. ఆ ఊరి నేలలో కొంత భాగానికే ప్రభుత్వ నోటిఫికేషన్ ఉంది. మిగతాదానికి ఇవ్వకపోవడం ప్రభుత్వం తప్పు, ఆ తప్పును చూపించి వాళ్ళ హక్కు కాదనకూడదు అన్నది అప్పీలు కోర్టు. పట్టా లేదు అనే మాటకు ఇంతకంటే సూటి జవాబు నేను ఇంకెక్కడా చదవలేదు. చివరికి 2010లో 65 లక్షల రింగిట్లకు రాజీ అయింది. అంటే పదిహేనేళ్ళు.

టీచరుగా నన్ను పట్టుకున్నది వేరే సంగతి. హైకోర్టు పెద్దల నోటిమాటను సాక్ష్యంగా తీసుకుంది. తాతముత్తాతల నుంచి చెప్పుకుంటూ వచ్చిన ఊరి చరిత్ర, ఆచారాలు కాగితంతో సమానంగా అక్కడ చెల్లాయి.

అయితే ఆ తీర్పులో ఒక లోటు కూడా ఉంది. హక్కు నివాసం ఉన్నంత మేరకే అన్నారు. తిండికోసం తిరిగే అడవికి అది వర్తించదట. ఇప్పపువ్వు, తునికాకు ఏరుకునే మనకు ఇది మింగుడుపడదు. ఈ ఒక్క విషయంలో మన 2006 అటవీ హక్కుల చట్టం మెరుగు. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు అందులో రాసి ఉంది. 2008 నియమాల్లో 13వది చూడండి. దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం రాతపూర్వకంగా పెడితే అది సాక్ష్యమే. మన గ్రామసభల్లో ఎంతమంది ఇది వాడుకుంటున్నారో మీకే తెలుసు.

అది చదివాక మా బడిలో ఒక పని మొదలుపెట్టాం. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి గుట్టలు, వాగులు, పాత పోడు చెలకల పేర్లు నోటుబుక్కులో రాస్తారు. ఎవరు చెప్పారో, వాళ్ళ వయసెంతో, తేదీ ఏమిటో కింద రాయాలి. పోయిన వారం ఒక నాలుగో తరగతి పిల్ల వాళ్ళ అవ్వ చెప్పిన ఏడు ఊటల పేర్లు తెచ్చింది. అందులో రెండు నేనూ వినలేదు.