బీరువా వెనుక పెట్టె

ఇషా నమాజు తర్వాత దమ్మామ్ నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేస్తుంది. ఎనభై దాటిన మా అమ్మీజాన్ రోజంతా ఎదురుచూసేది ఆ పావుగంట కోసమే. ఏడేళ్ల మునిమనవడు కొత్తగా నేర్చుకున్న సూరాను ఆమెకు వినిపిస్తాడు. గత రంజాన్‌కు ముందు రెండు నెలలు ఆ పావుగంట మాకు పరీక్షగా మారింది. పిల్లవాడు బిస్మిల్లాహ్ అనగానే బొమ్మ నిలిచిపోయేది. "వీడు ఎందుకు ఆగిపోయాడు? మరచిపోయాడా?" అని అమ్మీజాన్ అడిగేవారు.

పగలు అంతా సవ్యంగానే ఉండేది. పొద్దుగూకితేనే ఈ బాధ. దీనికి మేము ఊహించుకున్న కారణం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. 2020 లాక్‌డౌన్ రోజులలో పొరుగింటి అబ్బాయికి ఆన్‌లైన్ పాఠాల కోసం మా వైఫై పాస్‌వర్డు మేమే ఇచ్చాము. ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. సాయంత్రం అతడు ఇంటికి వస్తాడు, మా ఇంటర్నెట్టు మందగిస్తుంది. రెండింటినీ ముడిపెట్టాము. సినిమాలు చూస్తున్నాడని కూడా మనసులో తీర్పు ఇచ్చేశాము. అనుమానాల గురించి సూరా హుజురాత్ చేసిన హెచ్చరికను ఏటా విద్యార్థులకు బోధించేవారమే అయినా, ఒక రాత్రి మాటమాత్రం చెప్పకుండా పాస్‌వర్డు మార్చివేశాము. మరునాటి నుంచి ఆ అబ్బాయి వీధిలో ఎదురైతే సలాము చేసి, తలదించుకుని వెళ్లేవాడు. ఏమీ అడగలేదు. కాల్ మాత్రం ఎప్పటిలాగే ఆగిపోతూనే ఉంది.

బజారులో దుకాణదారు ఆరు యాంటెన్నాల రౌటరు చూపించి, ఇదొక్కటే మార్గమన్నాడు. ధర ఏడు వేలు. కొనడానికి సిద్ధపడ్డాము కూడా. ఇంతలో మా వద్ద చదువుకుని, ఇప్పుడు నెట్‌వర్కు పనులు చేసుకుంటున్న ఒక పూర్వ విద్యార్థి సలాము చెప్పడానికి వచ్చాడు. విషయం విని, "ముందు లోపం ఎక్కడుందో చూద్దాం, హజ్రత్" అన్నాడు.

ఫైబరు పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలిగితే లోపం బయటి తీగలో ఉన్నట్టట. మా దాంట్లో అది వెలగలేదు. లాప్‌టాప్‌ను వైఫైతో కాక తీగతో నేరుగా పెట్టెకు కలిపి వేగం చూశాడు. మేము డబ్బు కడుతున్నది 50 మెగాబిట్లకు, వచ్చింది 48. అమ్మీజాన్ మంచం దగ్గర వైఫైలో చూస్తే 1 కూడా లేదు. అంటే కంపెనీ తప్పు లేదు, లోపం మా ఇంట్లోనే. తర్వాత పెట్టెకు కలిసి ఉన్న పరికరాల జాబితా తెరిచాడు. నాలుగే ఉన్నాయి, నాలుగూ మావే.

మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో పెద్దల నాటి రాతి కట్టడం, గోడలు మూరెడు మందం. చూడటానికి బాగుండదని పెట్టెను మేమే ఇనుప బీరువా వెనుకకు నెట్టాము. ఇనుము ఈ తరంగాలను అడ్డుకుంటుంది. అమ్మీజాన్ గది అక్కడికి రెండు గోడల అవతల. మిగిలినది సాయంత్రపు రహస్యం. ఇళ్లు గోడకు గోడ ఆనుకున్న వీధి కదా, అందరూ ఇళ్లు చేరాక అందరి వైఫైలూ ఒకేసారి పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. మా వీధిలో చాలా ఇళ్లు 6 మీదే ఉన్నాయి, మేమూ దాని మీదే. ఒకే గదిలో పది తరగతులు గొంతెత్తి సబక్ చదివితే ఏ ఉస్తాదుకు ఏమి వినిపిస్తుంది? 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ, కానీ అది గోడలను దాటడంలో బలహీనం. కాబట్టి ఏడు వేల రౌటరు తెచ్చినా అదే బీరువా వెనుక పెట్టి ఉంటే మా డబ్బు వృథాయే.

అతడు పెట్టెను హాలు మధ్యకు, మనిషెత్తు పైకి మార్చాడు. ఛానెల్‌ను 11కు తిప్పాడు. అటక మీద పడి ఉన్న మా పాత రౌటరును దించి, హాలు నుంచి తీగ లాగి అమ్మీజాన్ గదిలో బిగించాడు. తీగకు మాత్రమే ఖర్చయింది. నిజంగా కొనవలసి వచ్చినవారికి అతడు చెప్పిన మాటలు ఇవి: రెండు బ్యాండ్లూ ఉన్నది చూడాలి, డబ్ల్యుపిఎ 3 భద్రత ఉంటే మేలు, ప్లాను 100 మెగాబిట్లు దాటితే తీగ గుచ్చే రంధ్రాలు గిగాబిట్‌వి కావాలి. యాంటెన్నాలను లెక్కపెట్టి కొనవద్దన్నాడు. ఆ రాత్రి పిల్లవాడు సూరా దుహా ఆగకుండా పూర్తిచేశాడు. అమ్మీజాన్ మళ్లీ చదివించుకున్నారు.

మాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఫజ్ర్ తర్వాత పొరుగింటికి వెళ్లి, తల్లి ఎదుటనే ఆ అబ్బాయికి జరిగినదంతా చెప్పి, మాఫ్ చేయమని అడిగాము. "ఫరవాలేదు భాయ్‌సాబ్, మీ ఇంటర్నెట్టు మీ ఇష్టం" అని ఆమె అన్నది. ఆ మాట మమ్మల్ని మరింత నొప్పించింది. పెట్టెలో అతిథుల కోసం వేరే పేరు, వేరే పాస్‌వర్డు పెట్టే వీలుంది. అలా పెట్టించి, కాగితం మీద రాసి తెచ్చినది అబ్బాయి చేతికిచ్చాము.

అతడు కాగితం చూసి కాస్త తటపటాయించాడు. "మౌలానా సాబ్, మీ ఇంటి పాస్‌వర్డు కూడా మార్చుకోండి. పాతది మీ ఫోను నంబరు. కొత్తది మదర్సా నంబరే అయి ఉంటుంది కదా?"

అదే. మేము నిర్ఘాంతపోయాము. తెలిసి కూడా ఎందుకు కలుపుకోలేదని అడిగాము.

"మీరు ఇవ్వలేదు కదా, మౌలానా సాబ్" అన్నాడు.