లాడ్జీ బాబాయి చెప్పిన హోటళ్ళు

జగ్గయ్యపేటలో ఎక్కడ తినాలి బాబాయ్ అని అడిగితే ఆయన ముందు గోడ గడియారం వంక చూశాడు. "ఏడుంపావు. ఇడ్లీ అయితే పరిగెత్తు. ఎనిమిది దాటిందా, తర్వాతి పిండి అంత బాగుండదు" అన్నాడు. అదీ ఆయన పద్ధతి! హోటలు పేరు చెప్పడు, బోర్డు రంగు చెప్పడు. వేళ చెబుతాడు, సందు చెబుతాడు. మిగతాది మన తిప్పలు.

డెబ్బై దాటిన మనిషి. లాడ్జీ కౌంటరు దగ్గర కుర్చీ వేసుకుని నలభై ఏళ్ళకి పైగా కూర్చున్నాడు.

ఇక్కడ నేనొక నిజం ఒప్పుకోవాలి. తిండి గురించి రాయడానికి వచ్చానని ఆయనతో చెప్పాను గానీ, అసలు నేను వెళ్ళింది మా నాన్నగారి కోసం. ఆయన సినిమా రిప్రజెంటేటివ్. ఈ మాట ఇప్పటి కుర్రకారుకి తెలియకపోవచ్చు. రీళ్ళ మీద బొమ్మ ఆడిన రోజుల్లో, బెజవాడ గాంధీనగర్‌లోని డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల నించి ప్రింటు రేకు పెట్టెల్లో ఊళ్ళకి వెళ్ళేది. వెనకాలే ఒక మనిషి వెళ్ళేవాడు. గేటు దగ్గర నిలబడి టిక్కెట్ల లెక్క చూడాలి, రాత్రికి ఆ రోజు వసూళ్ళ కాగితం రాసి ఆఫీసుకి పంపాలి. దాన్నే డి.సి.ఆర్. అనేవాళ్ళు. జీతం కాక రోజుకింత బత్తా. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక పెట్టెలూ పోయాయి, పెట్టెల వెంట తిరిగిన మనుషులూ పోయారు.

మా అమ్మకి ఆయన మీద జీవితాంతం ఒకటే ఫిర్యాదు. "ఊరూరా హోటళ్ళలో తిని వచ్చే మనిషికి నా చేతి కూర ఏం రుచిస్తుంది!" అనేది. నాన్న నవ్వి ఊరుకునేవారు. మేమూ అలాగే అనుకున్నాం. 'మాయాబజార్'లో ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరి పడ్డట్టు, మా నాన్న ముందు రోజూ పళ్ళేలు నిండుతాయని చిన్నప్పుడు నా ఊహ. ఆయన పోయాక పాత డైరీలో ఈ లాడ్జీ అడ్రసు దొరికింది.

ఊరు సామాన్యమైంది కాదు సుమండీ! ఒకప్పుడు బేతవోలు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టి పేటని చేశాడు. అంతకు ముందెప్పుడో ఇక్కడి ధనబోడు గుట్ట మీద బౌద్ధ స్తూపం వెలిసింది. 1882లో బర్జెస్ దొర అక్కడ తవ్వించాడు. చక్రవర్తి చెయ్యి పైకెత్తితే మబ్బుల్లోంచి నాణేలు రాలే పాలరాతి పలక ఈ ఊరిదే, ఇప్పుడది మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతమన్న ఈ నందిగామ, జగ్గయ్యపేట వైపంతా 2022 నించి ఎన్టీఆర్ జిల్లా. సినిమా వాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

ఇడ్లీ నిజంగానే దూది. అల్లం పచ్చడి మాత్రం నషాళానికంటింది, మిరప పండే నేల కదా! పెసరట్టు కోసం బాబాయి నన్ను నందిగామ బస్సెక్కించాడు. "అట్టు కోసం అంత దూరమా?" అంటే, "మంచి సినిమాకి బెజవాడ పోవా నువ్వు?" అన్నాడు. పోయాను. ఉల్లిపాయ మాడ్చాడు గానీ అట్టు మంచిదే. ఈ ఒక్క విషయంలో బాబాయికి నేను పూర్తి మార్కులు వెయ్యను.

సాయంత్రం పునుగుల బండి దగ్గర నిలబడి అడిగాను, ఇవన్నీ ఎలా కనిపెట్టావని.

"నేనా? నేను మా ఇంట్లో తింటానయ్యా. ఇవన్నీ రిప్రజెంటేటివులు చెప్పినవి. ఊళ్ళో వాడికి బంధువులుంటారు, హోటలు వాడి గుణం తెలీదు. ఒంటిగాడికే తెలుస్తుంది. రెండోసారి అన్నం అడిగితే వడ్డించేవాడి మొహం ఎలా ఉందో చూడాలి. బుస్సుమన్నాడో, అది హోటలు కాదు." పునుగు చట్నీలో ముంచి, నా వంక చూడకుండానే అన్నాడు: "మెస్సు సంగతి చెప్పింది మీ నాన్నే."

రిజిస్టర్లో ఇంటిపేరు చూసి పొద్దున్నే పోల్చుకున్నాడట!

"రెండు పూటల బత్తా ఇస్తే మధ్యాహ్నం ఒక్క పూటే తినేవాడు. అందుకే ఆ మెస్సు. అన్నం ఎన్నిసార్లడిగినా పెట్టేది ఆవిడ. రాత్రికి రెండు అరటిపళ్ళు. మిగిలింది నా డ్రాయర్లో దాచేవాడు, పిల్లాడి ఫీజుకని. 1995లో 'పెదరాయుడు' ఆడినన్నాళ్ళూ చూశాగా... హాలు నిండా జనం, ఆయన కడుపు నిండా టీ!"

నాకు పునుగు మింగుడు పడలేదు. 1995లో నేను ఇంగ్లీషు మీడియం కాన్వెంటులో చేరాను.

మర్నాడు మధ్యాహ్నం మెస్సుకి వెళ్ళాను. ఆవిడ లేదు, కోడలు నడుపుతోంది. పప్పు, వంకాయ కూర, గోంగూర, మజ్జిగ. నాలుగే బల్లలు, మూలబల్ల దగ్గర ఒక మెడికల్ రిప్రజెంటేటివ్ కుర్రాడు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. రెండోసారి అన్నం అడిగాను. మూడోసారీ అడిగాను, ఆకలి లేకపోయినా. ఆ అమ్మాయి మొహంలో ఏ తేడా లేదు. "గోంగూర వెయ్యనా అన్నా?" అంది.

బయటికొచ్చి అమ్మకి ఫోను చేశాను. డ్రాయరు సంగతి, అరటిపళ్ళ సంగతి అంతా చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"గోంగూరలో ఉల్లిపాయ వేశారా?" అని అడిగింది చివరికి. "మీ నాన్నకి ఉల్లిపాయ వేస్తేనే ఇష్టం."