కేశమోహం

టైఫాయిడ్ జ్వరం తగ్గిన మూడవ మాసంలో నా కేశాలు రాలనారంభించాయి. విజయవాడలోని మా ఇంట ప్రతి ఉదయం దువ్వెన చూచుకొనడమే ఒక పరీక్ష అయింది. దేవతార్చనకు కూర్చున్నా మనస్సు అమ్మవారి పాదాలపై కాక అద్దంపైనే నిలిచేది. దేహం అనిత్యమని నిత్యం పఠించే నాకు, ఆ మాట నాలుకను దాటి హృదయంలోకి దిగలేదని అప్పుడు తెలిసింది.

బందరు కాలువ సమీపంలో నివసించే అమ్మమ్మ సంగతి విని, "దిగులెందుకమ్మా? గుంటగలగరాకు కోసుకొద్దాం, రా" అన్నది. శాస్త్రం భృంగరాజమని పిలిచే ఆ మొక్క మా డెల్టాలో కాలువగట్ల తడినేలలో తనంతట తానే మొలుస్తుంది. నూరిన ఆకుముద్ద ఒక పాలు, నువ్వులనూనె నాలుగు పాళ్లు, ఆకురసం 16 పాళ్లు చేర్చి మందాగ్నిపై కాచాము. తైలంపై నురుగు లేచి, ముద్ద వేళ్ల నడుమ వత్తిలా నలిగి, నిప్పుపై వేసినా చిటపటలాడకుంటే పాకం సిద్ధించినట్లు.

అయినా భయం తీరక ఒక ఆయుర్వేద వైద్యులను దర్శించాను. ఆయన ఇలా వివరించారు: "రోమకూపాలలో చేరిన పిత్తం వాతంతో కూడి కేశాలను రాలుస్తుంది, పిమ్మట కఫం రక్తంతో కలిసి ఆ కూపాలను మూసివేస్తే తిరిగి మొలవవని సుశ్రుతుని మతం. మీకు కలిగినది జ్వరానంతర క్షయం. బలమైన ఆహారం, చాలినంత నిద్ర ఉంటే కొన్ని మాసాలలో సహజంగానే తిరిగి వస్తాయి. తైలం సహాయం మాత్రమే. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకైతే ఇంత భరోసా ఇవ్వలేను." పిమ్మట మందహాసంతో, "కేశాలు అస్థిధాతువు యొక్క మలమని చరకుడు చెప్పిన సంగతి ఎరుగుదురా?" అన్నారు.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నేను ఇన్నాళ్లు శోకించినది ఒక మలం కొరకా? ఇంద్రకీలాద్రిపై తలనీలాలు సమర్పించి, పసుపు నీరు పూసుకొన్న శిరస్సులతో ఆనందంగా మెట్లు దిగే భక్తులను ఎందరినో చూచాను. వారు పోగొట్టుకొన్నవీ కేశాలే. వారు "నీవి" అని ఇచ్చారు. నేను "నావి" అని పట్టుకొన్నాను. దుఃఖం కేశంలో లేదు, ఆ మమకారంలో ఉన్నది.

అట్లని దేహాన్ని ఉపేక్షించడం వైరాగ్యం కాదు. ధర్మసాధనకు లభించిన ఉపకరణాన్ని కాపాడుకొనడం మన విధి. ఆరు మాసాలకు నా కేశాలు తిరిగి వచ్చాయి. నేటికీ శనివారం అమ్మమ్మ తైలమే రాసుకొంటాను. మోహం సమూలంగా నశించిందని చెప్పలేను. దువ్వెనలోని వెంట్రుకలను లెక్కించడం మాత్రం మానుకొన్నాను.