సముద్రం మీద విడిది ఇల్లు

విశాఖపట్నం రేవు నుంచి విహార నౌకలు బయల్దేరడం మొదలైనప్పటి నుంచి "రిటైరైన అమ్మనూ నాన్ననూ ఆ ఓడలో పంపవచ్చా, డాక్టరుగారూ?" అని అడిగేవారు ఎక్కువయ్యారు. పంపవచ్చు. అయితే ఆ ఓడ ఎలాంటి చోటో, 2020లో అలాంటి చోట ఏం జరిగిందో తెలుసుకుని మరీ పంపండి. టిక్కెట్టుతోపాటు ఇచ్చే ఆరోగ్య నిబంధనల కాగితాన్ని మనవాళ్ళు మడిచి సంచీలో పెట్టేస్తారు. ఆ కాగితం ఊరికే పుట్టలేదు.

విహార నౌక అనగానే మీకు నీలి సముద్రం, డెక్కు మీద చల్లగాలి మనసులో మెదులుతాయి. వైద్యుడి కంటికి అది పెళ్ళివారి విడిది ఇల్లులా కనిపిస్తుంది. విడిది ఇంట్లో నలుగురు పట్టే గదిలో పదిమంది సర్దుకుంటారు. అందరికీ ఒకటే వంటశాల, ఒకటే పంక్తి. ఒక పిల్లవాడు కళ్ళకలకతో వస్తే అప్పగింతల వేళకు ఇరువైపుల వారి కళ్ళూ ఎర్రబడతాయి. (అప్పగింతల వేళ ఎలాగూ ఎర్రబడతాయనుకోండి, అది వేరే సంగతి.) ఇప్పుడు ఆ విడిది ఇంటిని పది పన్నెండు అంతస్తులు లేపి, రెండు మూడు వేల మందిని ఎక్కించి, చుట్టూ సముద్రం పెట్టండి. పై అంతస్తుల్లో బాల్కనీ ఉన్న గదులుంటాయి. లోపలి వరుసలో కిటికీ కూడా లేని గదులుంటాయి. అవే చౌక కనుక మనబోటివారు తీసుకునేవి కూడా అవే. ఇంకా కిందికి దిగితే, ప్రయాణికులు చూడని మరో ఊరుంది. వండేవారు, వడ్డించేవారు, గదులు ఊడ్చేవారు అక్కడ ఇరుకు గదుల్లో జంటలు జంటలుగా పడుకుంటారు. వారందరికీ ఒకే భోజనశాల. ఈ కింది ఊరిని గుర్తుంచుకోండి.

డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడ 2020 జనవరి 20న జపానులోని యొకొహామా రేవు నుంచి విహారానికి బయల్దేరింది. జనవరి 25న హాంకాంగులో దిగిపోయిన ఒక ప్రయాణికుడికి కోవిడ్ ఉన్నట్టు తరువాత తేలింది. ఫిబ్రవరి 3న ఓడ యొకొహామాకు తిరిగివచ్చేసరికి అధికారులు ఎవరినీ దిగనివ్వలేదు. 5వ తేదీ నుంచి ప్రయాణికులను ఎవరి గదుల్లో వారిని ఉండమన్నారు. ఓడలో మొత్తం 3,711 మంది. అందులో సిబ్బంది 1,045.

ఓడను ఇలా నిలిపివేయడం కొత్త కాదు. 1377లోనే ఏడ్రియాటిక్ తీరాన రగూసా పట్టణంవారు, అంటే ఇప్పటి డుబ్రోవ్నిక్ వారు, మశూచికం కాదు, ప్లేగుకు భయపడి, రోగం ఉన్న చోట్ల నుంచి వచ్చేవారిని 30 రోజులు ఊరి బయట ఉంచారు. తరువాత అది 40 రోజులైంది. ఇటాలియనులో నలభైని క్వరాంటా అంటారు, మన క్వారంటీన్ మాట అందులోంచి వచ్చిందే.

రగూసాకు రాని చిక్కు యొకొహామాలో వచ్చింది. గదిలో తలుపు వేసుకున్న రెండు వేల ఆరువందల మందికి మూడుపూటలా అన్నం ఎవరు పెట్టాలి? కింది ఊరివారే పెట్టారు. వారే వండారు, వారే పళ్ళాలు గది గదికీ తీసుకువెళ్ళారు, వారే ఎంగిలి గిన్నెలు తెచ్చుకున్నారు. రాత్రికి మళ్ళీ అదే ఇరుకు గదిలో తోటివాడి పక్కన పడుకున్నారు. రోగం నిర్ధారణ అయిన మొదటి 20 మంది సిబ్బందిలో 15 మంది భోజనాల విభాగం వారే. మొత్తం మీద ఓడలో లెక్క తేలినవారు 712 మంది. పరీక్ష చేసిన నాటికి వారిలో దాదాపు సగం మందికి జ్వరం లేదు, దగ్గు లేదు. గదుల్లో ఉండమనక ముందే చాలామందికి సోకి ఉంటుందని జపాను వైద్యులు అన్నారు. అది ప్రయాణికుల విషయంలో నిజమే కావచ్చు. కింది ఊరికి మాత్రం ఆ నిర్బంధం వర్తించనే లేదు.

ఆ ఓడలో మనవాళ్ళు, అంటే భారతీయులు, 138 మంది. అందులో ప్రయాణికులు ఆరుగురే, మిగిలిన 132 మందీ సిబ్బంది. ఫిబ్రవరి 27న 119 మందిని ఎయిర్ ఇండియా విమానంలో ఢిల్లీ చేర్చి, మానేసరులోని సైనిక శిబిరంలో మరో 14 రోజులు ఉంచారు. రోగం సోకిన 16 మంది జపాను ఆసుపత్రుల్లో చికిత్స కోసం ఉండిపోయారు.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2020 మార్చి 14న తమ రేవుల నుంచి విహార నౌకలు కదలరాదని ఉత్తరువు ఇచ్చింది. అక్టోబరు 30న షరతులతో అనుమతించే కొత్త ఉత్తరువు తెచ్చింది. ఆ షరతులు చదివితే ముచ్చటేస్తుంది. ముందు సిబ్బందికి పరీక్షలు, ఓడలోనే పరీక్షల లాబొరేటరీ, రోగులను దింపితే చేర్చుకుంటామని రేవు ఊరితోనూ అక్కడి ఆసుపత్రితోనూ ముందే ఒప్పందం. ఆ పైన, డబ్బు పుచ్చుకోకుండా స్వచ్ఛందంగా వచ్చినవారితో ఒక ఉత్తుత్తి ప్రయాణం చేసి చూపించాలి. సిబ్బందిలో, ప్రయాణికుల్లో నూటికి 95 మంది టీకా వేసుకుని ఉంటే ఈ ఉత్తుత్తి ప్రయాణం అక్కర్లేదు. కింది ఊరిని మొదట చక్కబెట్టాలని అధికారులకు అప్పటికి అర్థమైందన్నమాట. ఫ్లారిడా రాష్ట్రం మాత్రం టీకా కాగితం అడగరాదని చట్టం చేసి, ఆ సంస్థ మీద కోర్టుకెక్కింది. ఇన్ని తగాదాల మధ్య 2021 జూన్ 26న సెలబ్రిటీ ఎడ్జ్ అనే ఓడ ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి కదిలింది.

ఇటలీలో అంతకుముందే, 2020 ఆగస్టులో, ఎం.ఎస్.సి. గ్రాండియోజా జెనోవా నుంచి బయల్దేరింది. రేవుల్లో దిగినా, ఓడవారు ఏర్పాటు చేసిన గుంపుతోనే తిరగాలని నియమం. నేపుల్స్‌లో ఒక కుటుంబం గుంపు విడిచి సొంతంగా తిరిగివస్తే మళ్ళీ ఓడ ఎక్కనివ్వలేదు. పాపం అనిపిస్తుంది. నేను ఆ ఓడ డాక్టరునైతే నేనూ ఎక్కనివ్వను.

మన దగ్గర 2022 జనవరి మొదట్లో ముంబయి నుంచి గోవా వెళ్ళిన కార్డీలియా ఓడలో 66 మందికి కోవిడ్ తేలింది. గోవాలో ప్రయాణికులను దిగనివ్వలేదు, కొత్త సంవత్సరం సంబరం అలాగే ముంబయికి తిరుగుముఖం పట్టింది. ఆ ఏడు జూన్‌లో అదే కంపెనీ ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణించింది. అమెరికా వారి షరతులు 2022 జనవరి 15 తరువాత ఐచ్ఛికమయ్యాయి, జూలై 18న ఆ కార్యక్రమమే ఎత్తివేశారు. అప్పటి నుంచీ కోవిడ్ జాగ్రత్త చాలావరకు కంపెనీదీ, మీదీ.

ఇక మీ అమ్మానాన్నల సంగతి. గది తీసుకునేటప్పుడు కాస్త ఖర్చయినా కిటికీ ఉన్నది తీసుకోండి. రోజుల తరబడి లోపలే ఉండవలసి వస్తే ఆ విలువ తెలుస్తుంది. బి.పి., షుగరు మాత్రలు ప్రయాణం రోజులకు మించి మరో రెండు వారాలకు సరిపడా చేతిసంచీలో ఉంచండి. ఓడలో డాక్టరు ఉంటాడు, కాని అది చిన్న ఆసుపత్రి. గుండెపోటు వచ్చి కొద్ది నెలలే అయినవారిని, మెట్లెక్కితే ఆయాసపడేవారిని నేను పంపను. విదేశీ ఓడ అయితే ఓడలో చికిత్సకూ, మధ్యలో దింపి ఆసుపత్రికి చేర్చడానికీ వర్తించే బీమా ఉందో లేదో అడగండి. హ్యూస్టన్‌లోని కొడుకు గాల్వెస్టన్ నుంచి ఓడెక్కిస్తానంటే, అమెరికా వారు ఓడల పారిశుద్ధ్యానికి వేసే మార్కులు చూడమనండి. నూటికి 86 వస్తేనే పాసు.

ఓడల్లో కోవిడ్ కంటే పాత శత్రువు నోరోవైరస్, అంటే వాంతులూ విరేచనాలూ. బఫే గుమ్మం దగ్గర చేతిలో పోసే శానిటైజరును నమ్ముకోకండి, ఈ వైరస్ దానికి సరిగా లొంగదు. సబ్బుతో, పారే నీళ్ళలో కడగాలి. నీళ్ళ విరేచనాలైతే గదిలో బంధిస్తారని భయపడి దాచేవారున్నారు. దాచి బఫేకి వెళ్ళి గరిటె పట్టుకుంటే, మరునాడు అదే గరిటె కింది ఊరివాడు కడుగుతాడు. ఓడ డాక్టరుకు వెంటనే చెప్పండి, ఓ.ఆర్.ఎస్. పాకెట్లు నాలుగు దగ్గరుంచుకోండి.

ఓడ ఊపుకు వచ్చే వాంతులు వేరు. వాటికి మాత్ర ఓడ కదిలాక వేసుకుంటే లాభం లేదు, ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి. గ్లాకోమా ఉన్నవారు, ప్రొస్టేట్ వాచి మూత్రం కష్టంగా వచ్చేవారు మాత్రం తమ డాక్టరును అడగకుండా ఆ మాత్ర వేసుకోకూడదు.